బాలమణి ఆదివారాలు

మెదక్ చౌరస్తా నుంచి బస్టాండుకు పోయే దారిలో, ఎరువుల దుకాణానికీ ఫోటో స్టూడియోకీ నడుమ ఇరుక్కుని ఉండేది బాలమణి కుట్టు దుకాణం. ఆడవాళ్ల రవికలు తప్ప మరేమీ కుట్టేది కాదు. ఊళ్లో రెడీమేడ్ దుకాణాలు ఒకటి తర్వాత ఒకటి తెరుచుకుని, ప్యాంట్లు చొక్కాలు కుట్టే దర్జీలు మిషన్లు అమ్ముకుని పట్నంలో వాచ్‌మన్లుగా చేరిపోతున్న రోజుల్లో కూడా ఆమె మిషన్ ఆగలేదు. రవిక మాత్రం ఎవరి ఒంటికి వాళ్లు కొలిపించుకుని కుట్టించుకోవాల్సిందే.

2004 ఎండాకాలంలో ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. గడ్డ చేతికి తగిలిన చాలా రోజుల దాకా ఎవరికీ చెప్పలేదు. చివరికి చెప్పింది భర్త బక్కయ్యకు. ఆయన ఆర్టీసీ డ్రైవరు, మెదక్ డిపో. తాను నడిపే బస్సులోనే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. ఆపరేషన్ అయింది. తర్వాత సూదిమందులు. ఆ తర్వాత 'కరెంటు పెట్టుడు'. యంత్రం కింద పడుకోబెట్టి చేసే ఆ వైద్యాన్ని దవాఖాన వరండాలో అందరూ అదే పేరుతో పిలిచేవారు. జుట్టంతా రాలిపోయింది. మళ్లీ మొలిచింది, ముందుకన్నా ఉంగరాలు తిరిగి.

దుకాణం మళ్లీ తెరిచాక మొదట కుట్టుకున్నది తన రవికే. ఖాళీ అయిన వైపు దూది కూరితే తేలికైపోయి, చెయ్యెత్తినప్పుడల్లా రవిక ఆ పక్కకి పైకి లేచేది. దూది మధ్యలో ఆవాలు పోసిన చిన్న సంచి పెట్టి కుట్టింది. అప్పుడు బరువు సరిపోయి, పెట్టినచోటే నిలిచింది.

ఇరుగుపొరుగు దగ్గర ఏదైనా దాచుకోవచ్చు గానీ కొలతలు తీసే మనిషి దగ్గర దాచుకోలేరు. చర్చి కాంపౌండులో ఉండే ఎలిశిబా, హాస్టల్లో పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి, ఒకరోజు గుడ్డ పట్టుకొచ్చి, "జర కుడిపక్క వదులుగ కుట్టు బిడ్డా, గంతే. కొలతలొద్దు, పాత రవిక తెచ్చిన" అంది. బాలమణికి అర్థమైంది. లేచి పరదా లాగి, తన రవిక హుక్కులు తీసి నిలబడింది. ఛాతీ నడిమి నుంచి చంక దాకా ఏటవాలుగా పోయిన మచ్చ. ఎలిశిబా దాన్ని చూసి చూసి, కత్తిరింపుల బల్ల మీద తలపెట్టి ఏడ్చింది. ఆపరేషనై ఏడాదైనా తన మచ్చను కొడుకుకూ కోడలికీ తెలియనివ్వలేదట.

అట్లా మొదలైంది. తర్వాత శివ్వంపేట నుంచి వచ్చి మార్కెట్ దగ్గర కూరగాయలమ్మే వజ్రమ్మ. ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు. దుకాణం చాలక, ఎలిశిబా అడిగితే కాంపౌండు వెనక పాత బడి గదిని ఆదివారం మధ్యాహ్నాలు వాడుకోనిచ్చారు. సంఘానికి పేరేమీ పెట్టలేదు. 'ఆదివారం పోతున్నం' అంటే చాలు. ఆపరేషనైన వైపు చెయ్యి వాచకుండా, దాన్ని గోడ మీద వేళ్లతో పైకి పాకించడం నేర్పేది బాలమణి. కొత్తగా గడ్డ తేలినవాళ్ల వెంట పట్నం పోయేది. మొగుళ్లతో మాట్లాడేది. అన్నిటికన్నా పెద్ద పని మాత్రం ఒకటే. బెదిరిపోయిన మనిషి ముందు హుక్కులు తీసి నిలబడడం.

"సూడు. మంచిగ సూడు. నేను చచ్చిన్నా? రెండు పూటల తింటున్న, మిషిన్ తొక్కుతున్న. నీకేమైతది?"

ఆమె మాటలకన్నా ఆమె బతికుండడమే వాళ్లకు ధైర్యం. ఆ సంగతి బాలమణికి తెలుసు. అందుకే జ్వరమొచ్చినా ఆదివారం మానేది కాదు.

మమత వచ్చింది 2011 ఎండల్లో. కౌడిపల్లి పిల్ల. ముప్పై ఇంకా రాలేదు. భర్త ప్రవీణ్ జీడిమెట్లలో ఏదో కంపెనీలో పనిచేసేవాడు, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. కూతురు ఆశ్రిత బడికి పోతోంది. గడ్డ తీయాలంటే మమత ససేమిరా అంది. "కోసినంక ఇంట్ల నన్నెవరు సూస్తరక్కా? పోతే పోత" అని గోడవైపు తిరిగి పడుకునేది. బాలమణి మళ్లీ మళ్లీ కౌడిపల్లి పోయింది. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపింది, ఆశ్రితకు జడలేసింది. చివరికి ఒకరోజు తలుపేసి హుక్కులు తీసింది. మమత లేచి కూర్చుని, వేలు చాపి, ఆ మచ్చను ఈ కొస నుంచి ఆ కొసకు తడిమి చూసింది. అట్లా అంతకుముందు ఎవరూ ముట్టుకోలేదు.

"నొస్తదా అక్కా?"

"చలికాలం జర గుంజుతది. గంతే."

"నేను గూడ నీ లెక్క ఉంటనా?"

"ఉంటవు. నిన్ను మంచిగ చేయించి నీ బిడ్డ చేతుల పెడ్త. నాది పూచీ" అంది బాలమణి.

ఆపరేషన్ జరిగింది. సూదిమందులు మొదలయ్యాయి. మూడు వారాలకొకసారి పోవాలి. మమత మొదటిసారి వాంతులతో అల్లాడినా, రెండోసారికి నవ్వుతూ గుండు చూపించింది.

సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులు, బడులు, బొగ్గు గనులు అన్నీ మూతపడ్డాయి. బస్సులు డిపోల్లోనే నిలిచిపోయాయి. మెదక్ డిపో గేటు ముందు టెంటులో బక్కయ్య రోజూ కూర్చునేవాడు. బాలమణి కూడా కూర్చుంది. ఆదివారం గదికొచ్చే ఆడవాళ్లంతా రోడ్డు మీద బతుకమ్మ ఆడారు. ఆమెకు తెలంగాణ కావాలనుండేది, తన లెక్కలో తనకు. రాష్ట్రం వస్తే మెదక్‌లోనే పెద్ద దవాఖాన కడతారని, సూదిమందుకు తెల్లారకముందే బస్సెక్కి పట్నం పోయే బాధ తప్పుతుందని గదిలో అందరికీ చెప్పేది. చెప్పి చెప్పి తానే గట్టిగా నమ్మింది.

మమతకు మూడో సూదిమందు రోజు దగ్గరపడింది. పొద్దున అన్నం తింటున్న భర్త ముందు బాలమణి కూర్చుంది.

"గా పిల్లకు ఎల్లుండి సూదిమందు. ఎట్ల పోవాలె?"

"బస్సులు లేవు గద."

"లేవని నాకు తెల్వదా? ఆపింది మీరే గద."

బక్కయ్య చెయ్యి కంచంలోనే ఆగింది. "నేనొక్కన్నే ఆపిన్నా? మొన్న నువ్వు గూడ టెంటుల కూసుంటివి. ఒక్క బస్సు గేటు దాటితే సమ్మె ఇరిగినట్టే. నా చేతుల ఇరగాల్నా? చెప్పు."

ఆయన అన్నది నిజమే. ఇరగొద్దని ఆమెకూ ఉంది. కంచం పక్కకి జరిపి ఆయనే అన్నాడు, "ఆటో మాట్లాడ్త. నేను గూడ వస్త. నన్ను చూసి ఇడుస్తరు."

సూదిమందు రోజు పొద్దున్నే బయల్దేరి కౌడిపల్లిలో మమతను ఎక్కించుకున్నారు. ప్రవీణ్ బస్సుల్లేక పట్నంలోనే చిక్కుకుపోయాడు. ఆశ్రితను పక్కింట్లో వదిలేసి వచ్చింది మమత. నర్సాపూర్ చౌరస్తాలో రోడ్డంతా నిండిపోయి వంటావార్పు జరుగుతోంది. మూడు రాళ్ల పొయ్యిల మీద గుండిగలు, పొగ, డప్పులు. మెడలో కండువా వేసుకున్న కుర్రాడు ఆటోకు అడ్డం నిలబడ్డాడు. అంబులెన్స్ అయితే వదులుతామని, ఆటోలు వదలమని అన్నాడు. బక్కయ్య దిగి తానెవరో చెప్పాడు. కుర్రాడు పోయి పెద్దమనిషిని వెతికి తెచ్చాడు. ఆయన లోపలికి తొంగిచూసి, మమత తలకు కట్టుకున్న గుడ్డ చూసి, చేతులు జోడించాడు. "తప్పైంది బిడ్డా. మీకు ఆపతి ఉన్నదని తెల్వలే. జర తినిపోండ్రి" అంటూ విస్తరిలో అన్నం పెట్టి ఇచ్చాడు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది. అదే బాలమణికి తర్వాత ఎన్నేళ్లయినా మింగుడుపడలేదు.

గుండిగలు పక్కకి జరిపి దారి చేసేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గండిమైసమ్మ దగ్గర మళ్లీ ఆపారు. దవాఖాన చేరేసరికి రక్తం తీసే వేళ దాటిపోయింది. రక్తం చూడకుండా సూదిమందు ఎక్కించరు. రేపు రమ్మన్నారు.

"ఇక్కడ్నే వరండాల పండుకుందం చెల్లె. పొద్దున ఎక్కిచ్చుకొని పోదం" అంది బాలమణి.

మమత తల అడ్డంగా ఊపింది. "పిల్లకు పొద్దున్నుంచే ఒళ్లు కాల్తుంది అక్కా. ఇంటికి పోదం. మల్ల వద్దం."

మళ్లీ రాలేకపోయారు. ఒకరోజు ఆటో దొరకలేదు. ఒకరోజు దొరికింది గానీ మమతకే జ్వరమొచ్చింది. సమ్మె ముగిసి, బస్సులు తిరిగి, దీపావళి దాటాక గానీ మూడో సూదిమందు పడలేదు. మిగతావన్నీ సరిగ్గానే పడ్డాయి. జుట్టు మొలిచింది. మమత ఆదివారాలు రావడం మొదలుపెట్టింది, గదిలో అందరికన్నా గట్టిగా నవ్వేది. బాలమణి ఊపిరి పీల్చుకుంది.

2013 వానాకాలంలో మమత కళ్లు పచ్చబడ్డాయి. కడుపు ఉబ్బింది. రోగం కాలేయానికి పాకిందన్నారు. మమతను బయట కూర్చోబెట్టి బాలమణి ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి పోయింది. "అప్పుడు నడుమ సూదిమందు ఆగింది గద మేడం. అందుకేనా?" డాక్టరమ్మ రిపోర్టులు మళ్లీ తిరగేసింది. కావచ్చు, కాకపోవచ్చు, ఆగకపోయినా ఇట్లాగే అయ్యేదేమో, ఎవరూ చెప్పలేరు అంది. అవునని తేల్చినా బాగుండేదనిపించింది బాలమణికి. తప్పు ఫలానా చోట ఉందని తెలిస్తే అక్కడ తల బాదుకోవచ్చు.

కౌడిపల్లిలో మంచం పక్కన కూర్చున్నప్పుడు మమత కూడా అదే అడిగింది.

"గప్పుడు నర్సాపూర్ల ఆగకపోతే బతుకుదునా అక్కా?"

"నాకు తెల్వదు చెల్లె."

తెలియదనే మాట ఆదివారం ఆడవాళ్లలో ఎవరికీ ఆమె అంతవరకూ చెప్పలేదు. మమత దూలాల వైపు తిరిగింది. తర్వాత, నిందించినట్టు కాదు, చిన్నపిల్ల గుర్తుచేసుకున్నట్టు, "పూచీ అన్నవు నువ్వు" అంది.

బాలమణి ఆ చేతిని పట్టుకుని కూర్చుంది. ఆ చేతికి వాపు రాకుండా గోడ మీద పాకించడం నేర్పింది తనే. అది సన్నగా, శుభ్రంగా, ఏ వాపూ లేకుండా ఉంది.

దసరా దాటాక మమత పోయింది. బాలమణి గడప దగ్గర నిలబడితే ప్రవీణ్ చూసి కూడా పలకరించలేదు. పొమ్మనీ అనలేదు. ఆశ్రిత మాత్రం దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, అమ్మ నీ లెక్క ఐతదంటివి గద" అంది. బాలమణి వంగి ఆ పిల్ల ఊడిన జడను మళ్లీ అల్లింది.

ఆ తర్వాత వారం గదికి కొత్తగా ఒకామె వచ్చింది. అందరూ బాలమణి వైపు చూశారు. ఆమె చేతులు హుక్కుల దాకా పోయి ఆగిపోయాయి. "ఎలిశిబక్కా, నువ్వు చెప్పు" అని బయటికి పోయి నిలబడింది.

నడుము నొప్పి ఆ చలికాలంలో మొదలైంది. మిషన్ తొక్కితొక్కి అనుకుంది. వీపుకు జండూబామ్ రాసుకుంది, కాపడం పెట్టుకుంది. కూర్చున్న మనిషి లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చాక, భర్తకు దర్జీ సామాను కొనుక్కొస్తానని చెప్పి ఒక్కతే పట్నం పోయింది. స్కానింగ్ చేశారు. రోగం వెన్నుపూసల్లోకి వచ్చిందన్నారు. ఎంతకాలమని అడగలేదు. ఎవరికైనా ఆ సంగతి ఎవరూ చెప్పలేరని ఆమెకు తెలుసు.

అది 2014 ఫిబ్రవరి. ఆమె బస్సు దిగేసరికి మెదక్ బస్టాండు గులాల్‌తో మునిగిపోయి ఉంది. పార్లమెంటులో తెలంగాణ బిల్లు పాసైంది. డప్పులు, పటాకలు, ఎవరిని పడితే వాళ్లను కావలించుకుంటున్న జనం. ఎవరో ఆడపిల్ల వచ్చి ఆమె రెండు చెంపలకూ గులాల్ పూసి పోయింది. డిపో వైపు నుంచి బక్కయ్య ఎగురుతూ వచ్చాడు, చొక్కా నిండా గులాల్, గొంతు పోయింది. బజారులో ఎన్నడూ పేరు పెట్టి పిలవని మనిషి, "బాలమణీ! వచ్చిందే! తెలంగాణ వచ్చింది!" అంటూ రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఆ పట్టుకు వెన్ను కలుక్కుమంది. ఆమె ఏడ్చింది. సంతోషానికే ఏడుస్తోందనుకుని ఆయన కూడా ఏడ్చాడు.

ఆ రోజు చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత బావి దగ్గర బిందె ఎత్తబోయి కూలబడితే చెప్పక తప్పలేదు. బక్కయ్య బిందెను పక్కకి పెట్టి, ఆ తడిలోనే ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె తడిసిన కొంగు పిండుతూ, "ఆదివారమోళ్లకు చెప్తవా?" అనడిగాడు.

"వాళ్లకెట్ల చెప్పాలె? నన్ను సూసే గద వాళ్లు మందు మింగుతున్నరు."

ఎండాకాలమంతా దాచింది. మందు తాగి, నడుముకు బెల్టు కట్టి, ఆదివారం ఆ గంటసేపు నిటారుగా కూర్చునేది. కొత్తగా వచ్చినవాళ్ల ముందు మళ్లీ హుక్కులు తీయడం మొదలుపెట్టింది. "చచ్చిన్నా?" అన్నప్పుడల్లా నోట్లో ఇసుక నమిలినట్టుండేది. ఎలిశిబా కనిపెట్టేసింది. ఒకరోజు అందరూ పోయాక అడ్డం నిలబడింది. "అబద్ధమాడుతున్నవు బిడ్డా. మాకు ధైర్యం కోసరమే ఆడుతున్నవు, నాకెర్కనే. గాని రేపు నువ్వు పడితే వాళ్లు ఇంక ఎవ్వల్ని నమ్మరు."

జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఆమె గదిలో అందరికీ చెప్పింది. నిలబడి చెప్పాలనుకుంది, కూర్చునే చెప్పాల్సి వచ్చింది. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందుగా వజ్రమ్మ లేచింది. కూరగాయలమ్మి అమ్మి గట్టిపడిన గొంతు ఆమెది.

"ఫిబ్రవరి నుంచి ఎర్కనా నీకు?"

"ఎర్కనే."

"మరి మొన్న గా పిల్ల ముంగట రవిక ఇప్పి ఏం చూపిచ్చినవు? మాకేం చూపిచ్చినవు ఇన్నేండ్లు?" వజ్రమ్మ గంప దగ్గరికి లాక్కుంది. "నువ్వే పోతే మేమెందుకు వచ్చుడు గీడికి? సూదిమందు పొడిపిచ్చుకొని, వాంతులు చేసుకొని, ఎందుకోసరం?"

వజ్రమ్మ గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి ముట్టుకుని పోయారు. చావింట్లో ముట్టుకున్నట్టే ముట్టుకున్నారు. మరుసటి వారం ఎలిశిబా కాక ఇద్దరే వచ్చారు. ఆ పై వారం ఎలిశిబా ఒక్కతే తాళం తీసి, కాసేపు కూర్చుని, వేసి వచ్చింది. అట్లా వర్షాలు ఊపందుకోకముందే సంఘం ముగిసిపోయింది. కొట్లాట లేదు, తీర్మానం లేదు.

బక్కయ్య దుకాణంలోనే మిషన్ పక్కన నులకమంచం వేశాడు. ఇంట్లో పడుకుంటే ఆమెకు ఊపిరాడేది కాదు, రోడ్డు కనిపించాలి. వినాయక చవితి వెళ్లాక ఒక మధ్యాహ్నం అల్లాదుర్గ్ నుంచి ఒకామె వచ్చి దుకాణం ముందు నిలబడింది. పేరు అరుణ. చేతిలో గుడ్డ లేదు.

"ఆపరేషనైనోళ్లు ఇక్కడ కూసుంటరని చెప్పిండ్రు."

"కూసుంటుండిరి. ఇప్పుడు లేదు. రా, నువ్వు కూసో" అంది మంచం పక్కన కూర్చున్న ఎలిశిబా.

అరుణ మంచం మీది మనిషిని చూసింది. బొంత కింద ఏమీ మిగలని శరీరాన్ని చూసింది. వెనక్కి తిరగబోయి, ఏమనుకుందో, స్టూలు మీద కూర్చుంది.

"మీకెప్పుడైందక్కా ఆపరేషను?"

"పదేండ్లాయె."

అరుణ వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకుంది. "మా చిన్నోడు మూడో తరగతి. పదేండ్లంటే వాడు కాలేజీకొస్తడు. నాకు గంత చాలక్కా. గన్ని దొరుకుతయా?"

ఎలిశిబా ఆత్రంగా బాలమణి వైపు చూసింది. అవునను, ఈ ఒక్కదానికీ అవునను అన్నట్టు. బాలమణి కళ్లు మూసుకుని తెరిచింది.

"అందరికి పదేండ్లు రావు చెల్లె. కొందరికి రెండే వచ్చినయి. నీకెన్నో నేను చెప్పలేను. మందు మాత్రం నడుమ ఇడువకు. బస్సు లేకపోతే నడిచి పో. ఎవ్వలు అడ్డం పడుకున్నా దాటి పో."

అరుణ స్టూలు మీంచి లేచి కొంగు సర్దుకుంది. ఏడవలేదు. ఆదివారం మళ్లీ వస్తానని చెప్పి పోయింది. ఆ ఆదివారం వచ్చింది, ఇద్దరి దగ్గరా కాసేపు కూర్చుంది, చెయ్యి గోడ మీద పాకించడం నేర్చుకుంది. తర్వాత రాలేదు. సూదిమందులకు పట్నం పోతోందో, ఇంట్లోవాళ్లు వద్దన్నారో, బాలమణిని చూసి గుండె జారిందో తెలియలేదు. ఫోన్ నంబరు తీసుకోవాలని ఎవరికీ తోచలేదు.

బాలమణి మాత్రం ప్రతి ఆదివారం అడిగేది, "అల్లాదుర్గ్ పిల్ల వచ్చిందా?" ఆమె కోసమని ఎలిశిబా చర్చి విడిచాక బస్టాండుకు పోయి, అల్లాదుర్గ్ బస్సు దిగేవాళ్లందరి ముఖాలూ చూసి వచ్చేది. రాలేదని చెప్పలేక, "ఇంక బస్సు రాలే బిడ్డా" అనేది. కార్తీకం వచ్చేసరికి బాలమణి అడగడం మానేసింది. ఆ నెలలోనే ఒక ఆదివారం పొద్దున, బక్కయ్య డ్యూటీకి పోతూ నీళ్లు తాగించబోతే, ఆమె నోరు తెరవలేదు, చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

అల్లాదుర్గ్ బస్సు మధ్యాహ్నం వేళకే వచ్చింది. ఎలిశిబా ఆ రోజు బస్టాండుకు పోలేదు.